రాజావారి గోల్సు

తెల్లదొరలు మన కుర్రాళ్ళకు ఫుట్‌బాల్ అలవాటు చేస్తున్న రోజుల్లో, ఒకానొక సంస్థానాన్ని జగపతిదేవ్ బహద్దరు అనే రాజావారు ఏలుతుండేవారు. ఆయనకు ఆ ఆటంటే ప్రాణం. ఆట కంటే లెక్కలంటే మరీ ప్రాణం.

మైదానం పక్కన ఒక గుమాస్తాను కూర్చోబెట్టి, ఎవరు కొట్టారో, ఎప్పుడు కొట్టారో అన్నీ రాయించేవారు. దానివల్ల మేలూ జరిగింది. తమ జట్టు మీద గోల్సన్నీ ఆట చివర్లోనే పడుతున్నాయని తేలింది. ఎందుకని ఆరా తీస్తే, కుర్రాళ్ళు ఖాళీ కడుపులతో ఆడుతున్నారు! రాజావారు పొద్దున్నే అందరికీ అంబలి పోయించారు. అప్పట్నుంచి జట్టు గెలుపుబాట పట్టింది.

దాంతో రాజావారికి లెక్కల మీద గురి కుదిరింది. కుదిరింది కాస్తా ముదిరింది.

పొరుగు సంస్థానంతో పెద్ద పోటీ దగ్గరపడింది. రాజావారు కొలువు తీర్చి గుమాస్తాను పిలిచారు.

"మా జట్టులో అందరికంటే ఎక్కువ గోల్సు ఎవరివోయ్?"

"ఏలినవారివే!"

"ఒక్కటీ కొట్టనివాడు?"

"పోలినాయుడండి."

"అయితే పోలినాయుణ్ణి తీసెయ్యండి. అతని చోట మేమే దిగుతాం."

కొలువంతా చప్పట్లు కొట్టింది. విదూషకుడు వల్లభయ్య మాత్రం కొట్టలేదు. గోలు ముందు కోటగోడలా నిలబడేది ఆ పోలినాయుడే. ఇక రాజావారంటారా, రోజూ తమలో తాము ఆడుకునే ఆటల్లో ఆయన బంతి తీసుకుని వస్తుంటే పోలినాయుడితో సహా అందరూ చేతులు కట్టుకుని దారి ఇచ్చేవారు. పొరుగువాళ్ళు అలా ఇస్తారా? ఎముకలు మిగలనివ్వరు. చిన్నప్పుడు ఆయన్ను భుజానెక్కించుకుని ఆడించిన వల్లభయ్య ఆ మాట తలుచుకోలేకపోయాడు.

"ప్రభూ, తమరి గోల్సులో కొన్ని కిరీటం కొట్టినవేమోనని నా అనుమానం" అన్నాడు.

రాజావారి మీసం అదిరింది. "కిరీటం తీసేసే కొడతాం! కొట్టామా, నీకు కొలువులో చోటు లేదు!"

"చిత్తం. రేపు కాముని పున్నమి. అందరం వసంతాలాడి, ఆ రంగుల మొహాలతోనే మనలో మనమే రెండు జట్లుగా ఆటకు దిగుదాం. తమరు పెదవి విప్పకూడదు, అంతే."

మర్నాడు మైదానంలో ఎర్రమొహాలూ పచ్చమొహాలే తప్ప, ఎవరు ఎవరో పోల్చుకోలేకుండా ఉంది. మోటు పంచె బిగించిన రాజావారు బంతి అందుకుని, అలవాటుగా తిన్నగా ఉరికారు. ఎవరూ తప్పుకోలేదు! ఒకడు బంతి లాక్కున్నాడు. మళ్ళీ సంపాదించి ఇద్దర్ని దాటారు. ఎదురుగా కొండలా పోలినాయుడు. కాలు అడ్డం పెట్టాడో లేదో, బంతి ఒకవైపు, రాజావారు ఒకవైపు. ఎన్నిసార్లు వెళ్ళినా అదే వరస. చివరికి బురదలో బోర్లా పడ్డారు.

పోలినాయుడు చెయ్యిచ్చి లేపాడు. "దెబ్బ తగిలిందేటి తమ్ముడూ? పరుగు బాగుంది గానీ, బంతి ఎవడూ ఊరకనే వొగ్గెయ్యడు. రేపు రా, నేను నేర్పుతాను" అంటూ వీపు మీది బురద తుడిచాడు.

ఆయన్ను తమ్ముడూ అని పిలిచినవాడు ఇంతవరకూ లేడు. రాజావారు నీళ్ళు తెప్పించుకుని మొహం కడిగారు.

పోలినాయుడు కొయ్యబారిపోయాడు.

"వల్లభయ్యా! అయితే మా లెక్కలన్నీ అబద్ధమేనా?"

"లెక్క అబద్ధమాడదు ప్రభూ. అడిగినదానికే జవాబు చెబుతుంది. అంబలి పోయించిందీ అదే కదా! తమరు ఎవరెన్ని కొట్టారని అడిగారు, చెప్పింది. ఎవరు కొట్టనిచ్చారని, ఎవరు కొట్టనివ్వలేదని అడగలేదు."

రాజావారు బురద పంచెతోనే పొట్ట పట్టుకుని నవ్వారు. పోలినాయుడు మళ్ళీ గోలు ముందుకు వచ్చాడు. పోటీనాడు పొరుగువాళ్ళు ఎంత తన్నుకున్నా అతన్ని దాటలేకపోయారు. గట్టున నిలబడి అందరికంటే గట్టిగా కేకలు పెట్టింది రాజావారే.

ఆ సాయంత్రం ఆయన తన శాలువా తీసి వల్లభయ్యకు కప్పుతూ అన్నారు: "నిన్ను ఇన్నాళ్ళుగా ఎందుకు భరిస్తున్నానో మాత్రం ఏ లెక్కకూ అందదోయ్!"