ఖాళీ చేనికి కాపలా

చెన్నకేశవ దాసుగారిని ఎవరేమడిగినా ముందు "అన్నం తిన్నావా? నిద్ర పడుతోందా?" అనేవారు. ఆ రెండూ తేలందే ఎంతటి సందేహాన్నీ ముట్టుకునేవారు కారు. ఆయన దగ్గర హరికథ నేర్చుకున్నవాళ్లు ఇప్పటికీ ఎక్కడ కలిసినా ముందు ఆ ప్రశ్నే వేసుకుని నవ్వుకుంటారు. అలాంటి పలకరింపు మళ్లీ ఎక్కడ దొరుకుతుంది!

ఓబులేశు మాత్రం ఆ రోజు నవ్వే స్థితిలో లేడు. పదేళ్లు ఊరూరా కథలు చెప్పి పేరు తెచ్చుకున్న మనిషి, తన చిడతలు గుడ్డలో చుట్టుకొచ్చి గురువుగారి ముందు పెట్టేశాడు.

"గజ్జె కట్టే ముందు గుండెదడ నాకెప్పుడూ ఉండేదేనండీ. మొదటి పద్యంతో పోయేది. ఇప్పుడు కథ లేని నాడు కూడా దడే. మూడు నెలలుగా కంటి మీద కునుకు లేదు, ముద్ద దిగదు. ఒప్పుకున్న కథలన్నీ వద్దనేశాను. ఇవి తప్ప నాకు వేరే బతుకు తెలియదు. అయినా పిరికివాడి చేతికి ఎందుకండీ, మీరే ఉంచుకోండి."

దాసుగారు చిడతల వైపు చూడనైనా లేదు. తన చిన్ననాటి జొన్నచేను ఎత్తుకున్నారు. పాలకంకి రోజులు, పచ్చి కంకులు కాల్చిన వాసన, మంచె మీంచి ఒకడి 'హోయ్' కేక, వడిసెల విసురు. చెబుతుంటే ఆ ముసలి ముఖం వెలిగిపోయింది.

"ఆ కేకే లేకుంటే చిలకలు మాకు ఒక్క గింజ మిగిల్చేవా? సరే, కోతలయ్యాయి, గింజలు ఇంటికొచ్చాయి. వాడు మాత్రం మంచె దిగడే! కంకి లేదు, పిట్ట లేదు, కోత మిగిల్చిన కొయ్యకాళ్లకు కాపలా. తిండి మానేశాడు, నిద్ర మానేశాడు. పిరికివాడన్నారు, తాయెత్తు కట్టారు, తిట్టిపోశారు. తిడితే దిగుతాడుట్రా? చివరికి వాళ్లక్క నిచ్చెనెక్కి చెయ్యి పట్టుకుని దించింది. నంద్యాలలో డాక్టరుకు చూపించింది. 'ఇది పిరికితనం కాదమ్మా, జబ్బు' అన్నాడాయన. ఆర్నెల్లు మందు మింగాడు. వారంవారం వెళ్లి మనసులో ఉన్నదంతా ఆయనతో చెప్పుకున్నాడు."

ఓబులేశుకు దుఃఖం ఆగలేదు. కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

"తరవాత వాడేమయ్యాడండీ?"

దాసుగారు గుడ్డ విప్పి, చిడతలు తీసి అతని చేతిలో పెట్టారు.

"నీకు ఇవి పట్టుకోవడం నేర్పాడు. లే, రెండు ముద్దలు తిందాం. నంద్యాల బస్సుకు ఇంకా వేళుంది."