దివాణంలో ఎర్రతాడు

ఇప్పుడు ఆఫీసులో కాగితం కదలకపోతే ‘రెడ్ టేప్’ అంటున్నాం గానీ, వెనకటికొక రాజ్యంలో అది నిజంగానే ఎర్రతాడు. దివాను భుజంగరాయలు వచ్చిన ప్రతి అర్జీకీ ఎర్రతాడు కట్టించి అటకెక్కించేవాడు. వరుస తప్పి ఏ ముడీ విప్పకూడదని ఆయన శాసనం.

ఆ తాళ్లకు రంగు అద్దేది గవరమ్మ. వాళ్ల పేట బావి కూలి మూడేళ్లయింది. ఆడవాళ్లు క్రోసెడు దూరం నుంచి నీళ్లు మోస్తుంటే, ఆమె పెట్టుకున్న అర్జీ అటక మీదే మగ్గుతోంది.

ఓనాడు రాజుగారు దివాను కచేరీలో పనితీరు చూడవచ్చారు.

“ఎర్రతాడు పడ్డాక నాదైనా వరుసలో రావాల్సిందే ప్రభూ!” అని దివాను గొప్పలు పోతుండగా ఆయన భోజనపు బుట్ట వచ్చింది. కొత్త తాళ్లు తెచ్చిన గవరమ్మ చటుక్కున బుట్టకో తాడు బిగించింది.

“ఒళ్లు కొవ్వెక్కిందా? విప్పు!” అని దివాను గుడ్లురిమాడు.

“ఎట్టా విప్పేది దొరా? దీనికంటే ముందు మూడొందల అర్జీలున్నాయి గదా!”

రాజుగారు నవ్వాపుకుని, “నిజమే. కానివ్వండి దివానుగారూ” అంటూ అక్కడే కూర్చున్నారు.

పొద్దు వాలేసరికి అటక ఖాళీ అయింది, బావికి ఉత్తర్వు వచ్చింది, దివానుకు అన్నం దొరికింది. విప్పిన ఎర్రతాళ్లన్నీ గవరమ్మ మోపు కట్టుకుపోయింది. వాటిని పేనితే, కొత్తబావికి సరిపడా చేంతాడయింది.