దూది చెవి వెనక చిక్కు

రామబ్రహ్మంగారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు రాదు. అడిగినవాణ్ణి కాసేపు చూస్తారు. తర్వాత వాడి చేతిలో ఏముందో చూస్తారు. ఆ ఆదివారం పొద్దున భానుమూర్తి చేతుల్లో ఉన్నది ఒక తెల్ల పామరేనియన్ కుక్క.

"నిజం చెప్పడం కూడా తప్పేనా గురువుగారూ?" అని అడిగాడతను.

ఆయన దగ్గర గీత చదువుకునే మా అందరికీ ఆ ప్రశ్న ఎక్కణ్ణించి వచ్చిందో తెలుసు. భానుమూర్తి భార్య హైమ, పక్కింట్లోకి కొత్తగా దిగినవాళ్లతో తను పదో తరగతి పాసయ్యానని చెప్పుకుంది. ఇతను వాళ్ల ముందే నవ్వుతూ, పాసెక్కడిది, లెక్కల్లో తప్పింది అన్నాడు. ఆమె లేచి టీ గ్లాసులు తీసి, కడిగి, బోర్లించింది. మర్నాడు పుట్టింటికి వెళ్లిపోయింది. నెల కావస్తోంది. ఇదివరకు రెండుసార్లు వెళ్లి, జరిగింది నిజమే కదా అని వాదించి ఒక్కడే తిరిగొచ్చాడు. ఈసారి ఆఖరని, ఆ తర్వాత మా గుమ్మం ఎక్కొద్దని మామగారు కబురు చేశారు. ఆ పూట బస్సుకే ప్రయాణం.

కుక్క ఆమెది. పేరు దూది. సాయంత్రం పూట ఆమె పెరటి మెట్ల మీద కూర్చుని దాన్ని దువ్వుతుంటే నేనొకసారి చూశాను. దువ్వెన వదిలిన బొచ్చు గాలికి ఎగిరి గన్నేరు కొమ్మలకి పట్టుకుంటే, ఆ చెట్టు ఇంకో రకం పువ్వు కూడా పూస్తుందేమో అనిపించింది నాకు. ఆమె వెళ్లాక దువ్వేవాళ్లు లేరు. కాలవ గట్టున తిరిగి ఉత్తరేణి గింజలు అంటించుకుని, చెవుల వెనక బొచ్చంతా ముడులు పడిపోయింది. దాన్ని చూస్తేనైనా హైమ మనసు మెత్తబడుతుందని భానుమూర్తి పొద్దున్నే సబ్బుతో తలారా స్నానం చేయించాడు. చిక్కు తీయకుండా నీళ్లు పోసేసరికి ముడి ఇంకా బిగిసి నిమ్మకాయంత గట్టిపడింది. ఇప్పుడు చెయ్యి దగ్గరికొస్తేనే మూలుగుతోంది.

గురువుగారు లోపల్నించి దువ్వెన, కత్తెర, గిన్నెలో కొబ్బరినూనె తెప్పించి అతని ముందు పెట్టారు. ముందు దీని సంగతి చూడమన్నారు.

భానుమూర్తి కత్తెర తీసుకున్నాడు. ఒక్క కత్తిరింపుతో పోయేదానికి ఇంత హడావుడెందుకన్నాడు. "ఆవిడ పెంపకం కదండీ, ముట్టుకుంటే అలక" అన్నాడు. మేం నవ్వాం. గురువుగారు నవ్వలేదు. అతను ముడిని గట్టిగా పైకి లాగి, దాని కిందకి కత్తెర దూర్చాడు.

దూది గిర్రున తిరిగి అతని మణికట్టు నోట కరుచుకుంది.

కొరకలేదు. పళ్లు ఆనించి ఉంచిందంతే. దాని గొంతులో సన్నటి గుర్రు ఒకటి మొదలైంది, ఆగలేదు. అతని చెయ్యి కదిలితే పళ్లు దిగుతాయి. కత్తెర కదిలితే ఏం తెగుతుందో తెలియదు. మా నవ్వులన్నీ ఎటు పోయాయో.

"కదలకు" అన్నారు గురువుగారు. "ఆ ముడిలో చెవి అంచు ఎక్కడుందో నీకు తెలుసా?"

తెలియదన్నాడు, పెదవులతోనే. ముడి పట్టుకుని లాగావు గనక బొచ్చుతోపాటు చర్మమూ లేచి వచ్చిందని, ఏది బొచ్చో ఏది ప్రాణమో కత్తెరకి తెలియదని ఆయన మెల్లిగా చెప్పారు. ముందు ముడి వదలమన్నారు. తర్వాత కత్తెర. అతను వదిలాడు. దూది ఇంకాసేపు అనుమానంగా చూసి నోరు తెరిచింది. మణికట్టు మీద పంటి గుర్తులు తెల్లగా ఉన్నాయి, నెత్తురు లేదు.

అప్పుడు ఆయన దాన్ని ఒళ్లోకి తీసుకున్నారు. వేళ్లు నూనెలో ముంచి ముడికి పట్టించారు. ఎడమచేతి వేళ్లతో, చర్మానికీ ముడికీ మధ్య, కుదురు దగ్గర బిగించి పట్టుకున్నారు. కుడిచేత్తో చివర్ల నుంచి దువ్వడం మొదలుపెట్టారు. మొదటి లాగుకి దూది ఒళ్లంతా వణికింది, రాబోయే నొప్పి కోసం కళ్లు మూసుకుంది. నొప్పి రాలేదు. మళ్లీ లాగారు. ఉత్తరేణి గింజలు ఒక్కొక్కటే చాప మీద రాలుతున్నాయి. బస్సు వెళ్లిపోతుందండీ అన్నాడు భానుమూర్తి. ఇంకోటి ఉంటుందన్నారు, తలెత్తకుండానే. 

చివరికి ముడి విడింది. లోపల్నించి చెవి అంచు బయటపడింది, గులాబీ రేకంత పల్చగా. సరిగ్గా కత్తెర దూరిన చోటే ఉంది. భానుమూర్తి దాన్ని ఒక్క వేలితో తాకి చూశాడు.

ఇంతసేపు లాగారు కదా, దానికి నొప్పెందుకు పుట్టలేదని అడిగాడు.

గురువుగారు ఎడమచెయ్యి తెరిచి చూపించారు. వేళ్ల కొసలు ఎర్రగా కంది, లాగినప్పుడల్లా బొచ్చు కోసిన గీతలు పడి ఉన్నాయి. అతను ఆ వేళ్లకేసి చూస్తూ ఉండిపోయాడు. తను అడిగిన మొదటి ప్రశ్న మళ్లీ అడగలేదు. కుక్కని ఎత్తుకుని లేచాడు.

"రెండో చెవి వెనక ఇంకోటుంది, అది నేను తీయను" అన్నారు గురువుగారు, నూనెగిన్నె అతని చేతికిస్తూ. "అక్కడికి వెళ్లి, హైమ చూస్తుండగా నువ్వు తియ్యి. కత్తెర మాత్రం ఇక్కడే ఉండనీ."