ఓబుళమ్మ కట్టుకున్న కాగితం

మందుల కాగితం చేతిలో పెట్టినప్పుడు మీ అమ్మ ఏం చేసింది? పక్కనే ఉన్నారు కదా, చూసింది చెప్పండి. తలూపిందా? అంతేనా? ఇంకేమీ చూడలేదా?

ఇలియాస్ కూడా అంతే చూశాడు.

పెన్న ఒడ్డున ఒక దర్గా. అక్కడి పెద్ద జమాలుద్దీన్ సాబు వచ్చినవాళ్లకు తాయెత్తు కట్టేవాడు. డాక్టరు రాసిన మందులు పక్క గదిలో ఊరికే ఇప్పించేవాడు. "తాయెత్తు భయానికి, మాత్ర జబ్బుకి" అనేవాడు.

మందుల గది ఆయన శిష్యుడు ఇలియాస్‌ది. కడపలో ఫార్మసీ చదివాడు. ఏళ్ల తరబడి మాత్రలు మింగే వాళ్లందరికీ, ఏది ఎప్పుడు వేసుకోవాలో పెద్ద తెలుగు అక్షరాలతో తనే కాగితం రాసిచ్చేవాడు.

"ఇంక ఎవరికీ పొరపాటు జరగదు హజ్రత్," అన్నాడొకసారి గురువుతో.

ఓబుళమ్మ కీళ్లవాతంతో వచ్చింది. వేళ్లు వంకర్లు పోయి ఉన్నాయి. పన్నెండు పసుపు మాత్రలిచ్చి ఇలియాస్ కాగితం చదివి వినిపించాడు. వారానికి ఒక్కటే. గురువారం మాత్రమే. మూడు నెలలకు సరిపోతాయి.

"తెలిసిందా అవ్వా?"

"తెలిసింది నాయనా."

కాగితాన్ని రెండు చేతులా తీసుకుని కళ్లకద్దుకుంది. ఇలియాస్‌కు ఆ రోజంతా సంతోషంగా ఉంది.

నెల తిరక్కుండా ఆమె కూతురు లింగమ్మ ఒక్కతే వచ్చింది.

"అమ్మ పోయింది సాబూ. నోరంతా పూసింది. నెత్తురు కక్కుకునింది. పన్నెండు మాత్రలు పన్నెండు దినాలూ ఏసుకునిందంట. ఒక్క పూట మానలా."

ఇలియాస్ ముందుకొచ్చాడు. "కాగితంలో రాసిచ్చినా గదక్కా. చదివి కూడా వినిపించినా."

లింగమ్మ కొంగు ముడి విప్పింది. నల్ల దారం, రాగి తాయెత్తు.

"ఇదేనా అబ్బీ నువ్విచ్చింది? దర్గాలో ఇచ్చినారని గొట్టం కొని, అందులో పెట్టి కట్టుకునింది. ఆసుపత్రిలో తీయమంటే కూడా తీయనీలా. తిరిగి దర్గాకే ఇచ్చేయమనింది."

సాబు దాన్ని తీసుకుని శిష్యుడి చేతిలో పెట్టాడు. "విప్పు."

లోపల తన రాతే. అక్షరం చెదరలేదు. ఒక్కసారి మడిచిన మడతలే ఉన్నాయి.

"తెలిసిందని ఆమే అనింది హజ్రత్. నేనేం చేయాల?"

సాబు వాకిట్లో కూర్చున్న గంగన్నను లోపలికి పిలిచాడు. గుండె జబ్బు మనిషి. ఆరు నెలలుగా ఇలియాస్ కాగితాలు తీసుకుపోతున్నాడు. ఇలియాస్ ఇంకో కాగితం అందించబోతే సాబు ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"గంగన్నా, నాకు మతిమరుపు. ఈ మాత్రలు ఎట్ల మింగల్లో నువ్వు చెప్పు."

గంగన్న నవ్వాడు. "మందిచ్చేది మీరు, చెప్పేది నేనా సాబూ? బాగుండాది యవ్వారం."

"చెప్పు."

"తెల్లది పొద్దున. ఈ చిన్నది... నొప్పొస్తే."

"ఎప్పటినుంచి అట్ల ఏసుకుంటాండావు?"

"మొదట్నించీ."

చిన్నది రోజూ రాత్రి వేసుకోవలసింది. ఇలియాస్ కాగితంలో రాసిందీ అదే.

సాబు విసుక్కోలేదు. మాత్ర చూపించి చెప్పాడు, మళ్లీ గంగన్న చేతే చెప్పించాడు. రెండోసారీ తప్పింది. మూడోసారి సరిగ్గా చెప్పాడు. అప్పుడు కాగితం ఇచ్చి పంపాడు.

లింగమ్మ అంతా చూసింది. ఆ మూడుసార్లూ ఆమె కళ్ల నీళ్లు ఆగలేదు.

సాబు ఓబుళమ్మ కాగితాన్ని ఆ మడతల్లోనే మడిచి గొట్టంలో పెట్టాడు. శిష్యుడి చొక్కా చెయ్యి పైకి మడిచి, జబ్బకు కట్టి ముడి బిగించాడు.

"ఆమెకు పని చేయలా. నీకు చేస్తుంది."

లింగమ్మ లేచి, ఇద్దరిలో ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయింది.

ఆ తాయెత్తు ఇప్పటికీ అతని జబ్బకే ఉంది.

మీ అమ్మ తలూపిందన్నారు కదా. ఆ తర్వాత ఆమెను మీరేమడిగారు?