గడియ పెట్టిన మిషను గది

రెండువేల ఇరవై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో, రాయలసీమలోని రాళ్లకోట సర్కారు ఆస్పత్రిలో, తన పని ఇంకొకరికి నేర్పితే తన విలువ తగ్గిపోతుందనుకునే దస్తగిరి అనే డయాలసిస్ టెక్నీషియన్ ఉండేవాడు.

ఆ ఆస్పత్రిలో ఆ పని తెలిసినవాడు అతనొక్కడే. పనిలో అతనికి వంక పెట్టలేం. కిడ్నీలు చెడినవాళ్ల రక్తాన్ని మిషనులో శుభ్రం చేసి తిరిగి ఒంట్లోకి పంపేవాడు. మొదలుపెట్టే ముందు గొట్టాలను సెలైన్‌తో నింపి, లోపల గాలి బుడగ ఒక్కటి కూడా మిగలకుండా తరిమెయ్యాలి. బుడగ రక్తంలోకి పోతే ప్రాణానికే ముప్పు. ఆ పని చేసేటప్పుడు దస్తగిరి అందరినీ బయటికి పంపి గదికి గడియ పెట్టుకునేవాడు.

"ఒక్కసారి నన్నూ చూడనీ దస్తగిరన్నా," అని నర్సు సువార్తమ్మ ఎన్నోసార్లు అడిగింది.

"సిస్టరమ్మా, నువ్వు సూదులేసుకో పో. ఇది అందరి చేతికీ వచ్చే పని కాదు," అనేవాడు.

ఆ ఏడు కరోనా ఊరి మీద విరుచుకుపడింది. ఊపిరాడక వచ్చినవాళ్లలో కొందరికి కిడ్నీలు కూడా పనిచెయ్యడం మానేశాయి.

"కలిగిన దేశాల్లో ఇట్లాంటి రోగికి మంచం పక్కకే మిషను వస్తుంది. మనకు ఆస్పత్రి మొత్తానికి ఉన్నవి రెండే," అని డాక్టరమ్మ దిగులుపడింది.

"వాళ్లకు మిషన్లుండాయి మేడమ్. మనకు దస్తగిరి ఉండాడు!" అన్నాడు దస్తగిరి.

ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఒళ్లంతా కప్పే ప్లాస్టిక్ కోటులో చెమటలు కారుతుంటే, తిండి మాట మరిచి ఎంతోమందిని ఒడ్డున పడేశాడు. ఊరంతా అతని పేరే చెప్పుకుంది.

ఒక ఉదయం అతనే కూలబడ్డాడు. సువార్తమ్మ అతన్ని వార్డులో పడుకోబెట్టి ఆక్సిజన్ మాస్కు పెట్టింది. పక్క మంచం మీద ఆటో నడిపే ఓబులేసు ఉన్నాడు. కరోనాతో అతనికి కిడ్నీలు చెడి మూత్రం ఆగిపోయింది. ఆ రోజే డయాలసిస్ జరగాలి. జిల్లా ఆస్పత్రికి ఫోన్ చేస్తే, అక్కడ మిషన్లన్నీ నిండిపోయాయన్నారు.

"అన్నా, ఎట్ల చెయ్యాల్నో చెప్పు. నేను చేస్తా," అని సువార్తమ్మ బతిమాలింది.

"నా మిషను ముట్టొద్దు," అన్నాడు దస్తగిరి రొప్పుతూ. "రేపటికి లేస్తా. నేనే చేస్తా."

"నీ మిషనెట్లయిందన్నా? అందరి సొమ్ముతో కొన్నది కదా! రేపటిదాకా ఆ మనిషి ఆగొద్దా?"

దస్తగిరి గోడవైపు తిరిగి పడుకున్నాడు. చెప్పేవాళ్లు లేకుండా కొత్త చేతులతో మిషను మొదలుపెట్టడానికి డాక్టరమ్మ ఒప్పుకోలేదు.

ఓబులేసే సర్దిచెప్పబోయాడు. "పోనీలే సిస్టర్, అన్న లేస్తాడు. లేస్తే నా ఆటోలో ఊరంతా ఊరేగిస్తా."

తెల్లవారేసరికి ఓబులేసు చనిపోయాడు. రెండు మిషన్లూ గోడ అవతలే ఉన్నాయి.

దస్తగిరి గోడవైపు నుంచి ఆ ఖాళీ మంచం వైపు తిరిగాడు. తర్వాత సువార్తమ్మను చెయ్యూపి పిలిచాడు.

"మిషను ఇక్కడికి తోసుకురా. నేర్పుతా."

"ఇప్పుడెవరి కోసమన్నా?" అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ.

"ఇంకెవరి కోసమైనా."

"నీ కోసమే," అంది అప్పుడే వచ్చిన డాక్టరమ్మ. "నీ కిడ్నీలు కూడా దెబ్బతిన్నాయి దస్తగిరీ."

అతనికి మాట సరిగా రావడం లేదు. రక్తం వడగట్టే ఫిల్టరును బుడగలు పోయేలా ఎలా తట్టాలో మంచం కమ్మీ మీద వేలితో తట్టి చూపించాడు. సువార్తమ్మ అలాగే తట్టింది. బుడగలు ఒక్కొక్కటే పైకి లేచాయి.

"వెలుగుకు పట్టు. అదో, ఆ మూల ఇంకొకటుంది."

"బాగా చూసి చెప్పన్నా. నేను తప్పు చేస్తే పోయేది నువ్వే!"

"మొదటిరోజు నా చేతులూ ఇట్లనే వణికినాయిలే," అన్నాడు దస్తగిరి. ఆ సంగతి అతను అంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మిషను తిరిగింది. గొట్టాల్లో ఎర్రగా రక్తం పారింది. "సరిగ్గా చేసినావు సిస్టరమ్మా," అని అతను కళ్లు మూసుకున్నాడు.

దస్తగిరి కోలుకున్నాడు. డ్యూటీకి వచ్చిన రోజే స్క్రూడ్రైవరు తీసుకుని గది గడియ ఊడదీశాడు. ఆస్పత్రిలో నర్సులందరికీ పని నేర్పాడు. పక్క ఊళ్ల ఆస్పత్రుల నర్సులూ వచ్చి నేర్చుకున్నారు.

"మీ దగ్గర ఎన్ని మిషన్లున్నాయి?" అని వాళ్లు అడిగితే దస్తగిరి రొమ్ము విరుచుకుని చెప్పేవాడు.

"మిషన్లు రెండే అమ్మా. నడిపే చేతులు మాత్రం ఆస్పత్రి నిండా ఉండాయి!"

నీతి: తెలిసిన పనిని దాచుకునే దేశం ఎన్ని మిషన్లు కొన్నా బీదదే, పదిమందికీ నేర్పుకున్న దేశమే కలిగినది. ఈ మాట రాళ్లకోటకు తెలిసేసరికి ఓబులేసు ప్రాణం పోయింది.