కృతహస్తుని వృత్తి

పూర్వం ద్వాపరయుగం కడపటి పాదంలో, శిలావతీ నదీతీరాన, శమదమాది గుణసంపన్నుడూ, ఆయుధం ముట్టకుండానే శత్రువును మట్టి కరిపించే నియుద్ధవిద్యకు ఆచార్యుడూ అయిన శాంకవ మహర్షి ఆశ్రమం నిర్మించుకొని, కులగోత్రాలు విచారించక, అడిగినవారికల్లా విద్య చెబుతూ ఉండేవాడు. ఆ ఆశ్రమంలో ఒక కట్టడి ఉంది. గోదాలో ఎవడు ఎవణ్ణి పడగొడితే వాడే చెయ్యి అందించి లేపాలి. పడినవాడు తనంతట తాను నడిచేదాకా పక్కనే కూర్చోవాలి. అంతవరకూ గెలిచినవాడికి స్నానమూ లేదు, అన్నమూ లేదు. అందుచేత అక్కడి శిష్యులకు పడడమంటే భయం లేదు. పడీ పడగానే చెయ్యి పైకి చాచేవారు.

ఆ శిష్యులందరిలోనూ మేటి, వజ్రదేహుడు, అప్రతిహత పరాక్రముడు కృతహస్తుడు. అతని సహాధ్యాయి ఆర్జవుడు పేరుకు తగ్గట్టే వంకర తెలియనివాడు. రోజూ కృతహస్తుని చేతిలో పడడం, పడి "చెయ్యి ఇవ్వరా, ఆకలేస్తోంది" అని నవ్వడం అతనికి నిత్యకృత్యం. ఇద్దరూ ఒకే ఆకులో తిని, ఒకే చాపమీద పడుకొని పెరిగారు.

విద్య ముగిసిన నాడు మహర్షి శిష్యులను చుట్టూ కూర్చోబెట్టుకొని, "నాయనలారా! కోటి విద్యలూ కూటి కొరకే అన్నారు. ఇంతకాలం నేను పెట్టాను, మీరు తిన్నారు. ఇకమీద ఏ వృత్తి చేసి బతుకుతారో చెప్పండి" అన్నాడు. ఒకడు ఏనుగులను మాలిమి చేస్తానన్నాడు. ఒకడు వర్తకుల బిడారుకు కాపుగా పోతానన్నాడు. ఆర్జవుడు తల గోక్కుంటూ, "ఏటి ఒడ్డున మా ఊరుంది స్వామీ. కోతలప్పుడు దొంగల బెడద. ఆ ఊరికి కావలి కాస్తాను" అన్నాడు. ఇంత నేర్చి గొడ్లను అదిలించుకునే పనా అని తక్కినవాళ్ళు నవ్వారు.

కృతహస్తుడు మాత్రం లేచి నిలబడి, "ఆచార్యా! ఉదగ్రసేన మహారాజు కొలువులో మల్లుణ్ణి అవుతాను. నా విద్యకు తగిన పీట అక్కడే ఉంది" అన్నాడు.

మహర్షి ముఖం వాడిపోయింది. "నీ విద్యలో సగమే నీకు గుర్తున్నట్టుంది నాయనా. పడగొట్టడం సగం, లేపడం సగం. రెండింటికీ చోటున్న పని చూసుకో. ఒక సగానికే కూడు పెట్టేచోట రెండో సగం చచ్చిపోతుంది."

"లేపవద్దనేవాడు ఎవడుంటాడు స్వామీ?" అని నవ్వి, పాదాలకు మొక్కి వెళ్ళిపోయాడు. వయసు అటువంటిది, బ్రహ్మ దిగివచ్చి చెప్పినా వినదు.

లేపవద్దనేవాడు ఉన్నాడు. ఉదగ్రసేనుని రాజ్యంలో, సాక్షులు తేల్చలేని అభియోగాలకు ఒక తీర్పు ఉండేది. నిందితుడు రాజమల్లునితో తలపడాలి. నిలిస్తే నిర్దోషి, పడితే దోషి. రాజు నోరు తెరిచి అనుమతిస్తే తప్ప పడినవాణ్ణి ఎవ్వరూ ముట్టరాదు. ముడితే తల తెగుతుంది. ఆయనగారు తాంబూలం నములుతూ, గోదాలో పడినవాడి ఊపిరి ఆగేదాకా నోరు తెరిచేవాడు కాదు. తనకు గిట్టనివాళ్ళే ఎప్పుడూ దోషులుగా తేలడం ఆ ధర్మంలోని సొగసు.

మొదటిసారి ఒకణ్ణి పడగొట్టగానే కృతహస్తుని చెయ్యి అలవాటు కొద్దీ ముందుకు సాగింది. భటులు కత్తులు దూశారు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ పూట అన్నం సయించలేదు. తరువాత తరువాత సయించింది. చేతులకు బంగారు కడియాలు వచ్చాయి, భుజాన పట్టుశాలువా వచ్చింది. మనిషి దేనికైనా అలవాటు పడతాడు, అదే వాడి దౌర్భాగ్యం.

ఇలా ఉండగా రాజు ఏటికాలువను తన ఉద్యానవనానికి మళ్ళించుకున్నాడు. పైర్లు ఎండిపోయిన ఒక ఊరివాళ్ళు గట్టు తెంపారని అభియోగం వచ్చింది. సాక్షులు లేరు. ఊరందరి తరఫునా తలపడడానికి కావలివాడు వచ్చాడు. అతడు ఆర్జవుడు.

కృతహస్తుడు పట్టు పట్టినట్టే పట్టి, చెవిలో, "ఎందుకొచ్చావురా? ఇక్కడి సంగతి తెలియదా నీకు?" అన్నాడు.

"కావలివాణ్ణి, నేను రాకపోతే ఎవడొస్తాడు? చేతనైనంతసేపు నిలబడతాను. నీ చేతిలో పడడం నాకు కొత్తా? పడితే లేపుతావుగా" అన్నాడు ఆర్జవుడు.

ఒక్క పట్టు వదులు చేస్తే చాలు, స్నేహితుడు నిలిచేవాడు, ఊరు బతికేది. కాని రాజు చూపు తనమీదే ఉంది. కృతహస్తుడు వదులు చేయలేదు. ఆర్జవుడు వెన్ను విరిగి ఇసుకలో పడ్డాడు. నొప్పితో పెదవి కొరుక్కుంటూనే, చిన్ననాటిలాగే చెయ్యి పైకి చాచి, "చెయ్యి ఇవ్వరా" అన్నాడు. కృతహస్తుడు రాజువైపు చూశాడు. రాజు తాంబూలం నములుతున్నాడు. చాచిన చెయ్యి చాలాసేపు అలాగే ఉండి, ఇసుకలోకి వాలిపోయింది.

అనుమతి దొరికాక కృతహస్తుడు ఆ కళేబరాన్ని భుజాన వేసుకొని నదీతీరపు శ్మశానానికి మోసి, కడియాలు నీళ్ళలోకి విసిరి, పక్కన కూర్చున్నాడు. పడినవాడు నడిచేదాకా స్నానం లేదు, అన్నం లేదు. సాయంసంధ్యలో రక్తవస్త్రధారిణి అయిన ఒక స్త్రీ చెక్కిళ్ళపై కన్నీరు కారుతుండగా వచ్చి ఎదుట నిలిచింది. సర్వప్రాణులనూ తుదకు చేర్చే మృత్యుదేవత ఆమె.

"అమ్మా, నీవూ ఏడుస్తావా?" అన్నాడు కృతహస్తుడు.

"నా వృత్తి నేను కోరుకున్నది కాదు నాయనా, విధాత పెట్టినది. అందుకే ప్రతివానికోసమూ ఏడుస్తూ వస్తాను. నీ వృత్తి నీవు ఎన్నుకున్నావు. ఎందరిని నాకు అప్పగించావో! ఒక్కరికైనా ఏడ్చావా?"

కృతహస్తుడు నేలకు తల బాదుకొని, "వీణ్ణి నాకు తిరిగి ఇయ్యి తల్లీ. బదులుగా నన్ను తీసుకో" అని విలపించాడు.

"తెచ్చుకున్నదాన్ని తిరిగి ఇవ్వడం నాకు లేదు. మరొకటి అడుగు."

"అయితే ఇకమీద నేను లేపినవాణ్ణి వదిలిపెట్టు."

"నేను ముట్టకముందు నీవు చెయ్యి అందిస్తే వదిలిపెడతాను. కాని పడినవాడు ఎవడన్నది నీవు ఎంచరాదు. ఒక్కణ్ణి కాదన్నావా, వరం పోతుంది." అని చెప్పి ఆ దేవి అంతర్ధానమయింది. అతడు స్నేహితునికి చితి పేర్చి, నిప్పుపెట్టి, తిండి లేకుండానే తెల్లవారి కొలువుకు పోయాడు.

ఆ ఉదయం శిక్షకోసం ఆర్జవుని ఊరిపెద్ద సుమేధనుణ్ణి గోదాలోకి ఈడ్చుకొచ్చారు. అరిచేతుల్లో ప్రాణాలు పెట్టుకున్న ముసలివాడు. "వీణ్ణి పడగొట్టు" అన్నాడు రాజు. కృతహస్తుడు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. భటుడొకడు ఆ ముసలివాణ్ణి తోసిపడేశాడు. కృతహస్తుడు అనుమతి అడగకుండా వంగి, అందరూ చూస్తుండగా అతణ్ణి లేపి నిలబెట్టాడు. మీదికి వచ్చిన భటులను కొట్టలేదు; దెబ్బ తప్పుకున్నాడు, తమ వేగానికి తామే పడినవాళ్ళను ఒక్కొక్కరినీ లేపాడు.

ఉదగ్రసేనుడు పట్టరాని ఆగ్రహంతో కత్తి దూసి మెట్లు దిగబోయి, పట్టుపంచె కాళ్ళకు చుట్టుకొని బోర్లా పడ్డాడు. రాతి అంచు గొంతుకు తగిలింది. నోరు తెరిచాడు గాని మాట రాలేదు. రాజు మాట లేనిదే పడినవాణ్ణి ముట్టరాదు కదా! మంత్రులు చేతులు కట్టుకొని చూస్తూ నిలబడ్డారు. రాజు ముఖం నల్లబడుతోంది. రక్తవస్త్రధారిణి ఏడుస్తూ మెట్లు ఎక్కుతోంది. కృతహస్తునికి మాత్రమే కనిపించింది.

రాజు చెయ్యి పైకి చాచాడు. ఆ చేతిని చూస్తే కృతహస్తునికి కడుపు రగిలిపోయింది. ఆర్జవుణ్ణి లేపని చెయ్యి వీణ్ణి లేపాలా?

"వద్దు నాయనా, వాడి పాపాన వాణ్ణి పోనియ్యి" అన్నాడు సుమేధనుడు.

"ఒకసారి అలాగే పోనిచ్చాను తాతా" అని, కృతహస్తుడు మెట్లెక్కి రాజు చెయ్యి పట్టుకొని లేపాడు. మృత్యుదేవి వెనుదిరిగింది. కట్టడి ప్రకారం, రాజు తన కాళ్ళమీద నడిచేదాకా పక్కనే కూర్చున్నాడు.

అలా లేచిన ఉదగ్రసేనుడు మునుపటి ఉదగ్రసేనుడు కాడు. ఆ తీర్పును రద్దు చేశాడు, కాలువను ఊరికి వదిలాడు. కృతహస్తుడు కొలువు మాని, ఎక్కడ యుద్ధం జరిగినా రెండు సేనల నడుమా నిరాయుధుడై తిరుగుతూ, పడినవాళ్ళను మోసుకురావడమే వృత్తిగా పెట్టుకున్నాడు. శాంకవ మహర్షి ఆ మాట విని, "ఇప్పటికి విద్య పూర్తయింది" అని కళ్ళు తుడుచుకున్నాడు.

ఈ కథ విన్నందుకు ఏ లోకాలు దొరుకుతాయో నేను చెప్పలేను. చాచిన చేతిని చూసి తల తిప్పుకోని బుద్ధి దొరికితే అదే పదివేలు. కృతహస్తుడు మాత్రం చివరిదాకా ఆకులో సగానికే అన్నం వడ్డించుకొని, రెండో సగం ఖాళీగా వదిలి తినేవాడు.