మైదానం మీది గాలి

కరుణాకర్ కాగితాలు బల్ల మీద విసిరికొట్టాడు.

"కాలుష్య నియంత్రణ ఆఫీసువాళ్ళు మళ్ళీ తిప్పి పంపారు మేడమ్! రోజంతటి సగటు తీస్తే గాలి బాగానే ఉందట. రాత్రి గాలిని కలిపి మధ్యాహ్నపు విషాన్ని దాచేస్తే సరిపోతుందా? పైగా, మన లేజరు లెక్క వాళ్ళకి అక్కర్లేదట!"

కొండ మీది ఆ పరిశోధనశాలలో అతను డాక్టర్ భ్రమరాంబ శిష్యుడు. ఊరి మీదుగా రెండు లేజరు కిరణాలు పంపుతాడు. ఒకదాన్ని నేల దగ్గరి గాలిలో విషంలా పేరుకునే ఓజోన్ బాగా మింగేస్తుంది, రెండోదాన్ని చాలావరకు వదిలేస్తుంది. తిరిగొచ్చిన వెలుగులోని తేడాను బట్టి ఎక్కడ ఎంత ఉందో చెప్పగలడు. ఎండ ముదిరే వేళకి బాలికల హైస్కూలు మీద అతని గ్రాఫులో ఓజోన్ గీత నిలువునా లేస్తోంది.

"ఇంత కచ్చితమైన గీతని చెత్తబుట్టలో వేస్తారా?"

భ్రమరాంబ లేచింది. చెప్పులు తొడుక్కుని, "రా" అంది.

హైస్కూలు మైదానంలో అమ్మాయిలు ఎర్రటి ఎండలో పరిగెడుతున్నారు. ఒక పిల్ల వంగి, మోకాళ్ళు పట్టుకుని దగ్గుతోంది. భ్రమరాంబ వ్యాయామం మాస్టారు ఏసోబు దగ్గర ఈల అడిగి తీసుకుని కరుణాకర్ చేతిలో పెట్టింది.

"ఊది వాళ్ళని ఆపు."

"నేనా? పైవాళ్ళు ఒప్పుకోకుండా ఎలా మేడమ్?"

"ఆ పిల్ల ఊపిరి తీసుకోడానికి కూడా వాళ్ళు ఒప్పుకోవాలా?"

అతను ఊదాడు. అమ్మాయిలు ఆగిపోయారు.

"జిల్లా పోటీలు దగ్గర పడుతుంటే ఇదేంటి సార్?" అని ఏసోబు మండిపడ్డాడు.

కరుణాకర్ తడబడుతూనే చెప్పాడు. ఈ వేళప్పుడు ఇక్కడి గాలి ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుందనీ, పరుగు తెల్లవారుజామున పెట్టుకుంటే మేలనీ.

"ఎప్పట్నించి తెలుసు మీకు?"

"ఎండలు మొదలైనప్పట్నించి."

"మరి మాకెందుకు చెప్పలేదు? ఈ పిల్ల రోజూ దగ్గుతుంటే, ఒళ్ళు వంచడం లేదని నేను తిడుతున్నానయ్యా!"

కరుణాకర్ ఈలని తిరిగి అతని చేతిలో పెట్టాడు. ఏసోబు ఆ పిల్లని భుజం పట్టి నీడలోకి నడిపించుకెళ్ళాడు.

కొండ ఎక్కుతూ అడిగాడు కరుణాకర్.

"ఆఫీసు మీద నాకు కోపం రావడం తప్పా మేడమ్?"

"తప్పెందుకవుతుంది? రేపు మళ్ళీ వెళ్ళు, గట్టిగానే అడుగు. కానీ ఇన్నాళ్ళూ నీ గీత కోసం కోప్పడ్డావు, ఆ పిల్ల దగ్గు కోసం కాదు."